పలక కాలేకపోయిన కంప్యూటరు

మా చిన్నతనంలో ఊరి చివర ఒక మర ఉండేది. అందులో ఒకే ఒక్క ఆయిలింజను. దాని చప్పుడు మొదలైతే ఊరంతా వినబడేది. ఆడవాళ్ళు డబ్బాలూ సంచులూ సర్దుకుని బయల్దేరేవారు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తలపైన పొడుగాటి ఇనుపకడ్డీ ఒకటి తిరుగుతూ ఉండేది. కడ్డీకి కప్పీలు, కప్పీలకు బెల్టులు, ఒక్కో బెల్టు కింద ఒక్కో యంత్రం. ఒకటి వడ్లు ఆడేది, ఒకటి పిండి పట్టేది, మూలనున్నది కారం కొట్టేది. ఏది తిరగాలంటే దాని బెల్టును మరవాడు కర్రతో పక్క కప్పీ మీదకు నెట్టేవాడు. ఇంజను ఆగితే ఊరికి పిండి లేనట్టే.

మొన్నొక ఆదివారం మా ఇంట్లో ఎన్ని మోటార్లున్నాయో లెక్కపెట్టాను. పంకాలు, మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, వాషింగ్ మెషిను, నీళ్ళ పంపు. ల్యాప్‌టాపులో గాలి తోలే బుల్లి పంకా, ఫోను వణకడానికి అందులో ఉండే శనగగింజంత మోటారుతో సహా పంతొమ్మిది తేలాయి. “పొద్దుటి నుంచీ ఎన్ని మోటార్లు వాడావు?” అని మా ఆవిడనడిగితే నన్ను వింతగా చూసింది. తాను కొబ్బరిపచ్చడి చేసింది, బట్టలు ఉతికింది. మోటారు వాడిన జ్ఞాపకమే లేదు.

ఈ లెక్కపెట్టే ఆలోచన నా సొంతం కాదు. 1991 సెప్టెంబరు ‘సైంటిఫిక్ అమెరికన్’ సంచికలో మార్క్ వైజర్ అనే శాస్త్రవేత్త ఇరవయ్యొకటో శతాబ్దపు కంప్యూటరు ఎలా ఉండాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఒకప్పుడు కర్మాగారమంతటికీ ఒకే ఇంజను ఉండేదనీ, ఇప్పుడు మామూలు కారు మరమ్మతు పుస్తకం తిరగేస్తేనే 22 మోటార్లు, మరో 25 సొలెనాయిడ్లు కనబడతాయనీ చెప్పి, కంప్యూటరుకు కూడా ఇదే గతి పట్టాలని కోరుకున్నాడు. గతి పట్టడమన్న మాట తెలిసే వాడుతున్నాను. ఆయన దృష్టిలో కనబడకుండా పోవడమే సాధనానికి మోక్షం.

ఊరికో ఇంజనుకూ ఇంటికి పంతొమ్మిది మోటార్లకూ నడుమ తమాషా అయిన దశ ఒకటుంది. 1918లో అమెరికాలో సియర్స్ రోబక్ కంపెనీ తన జాబితాలో ‘ఇంటి మోటారు’ అని ఒకటి అమ్మింది. ధర 8 డాలర్ల 75 సెంట్లు. ఇంటికి మోటారొకటే, దానికి కుట్టుమిషను తగిలిస్తే కుడుతుంది, పంకా తగిలిస్తే గాలి తోలుతుంది, ఇంకొకటి తగిలిస్తే గుడ్లు గిలకొడుతుంది. డొనాల్డ్ నార్మన్ 1998లో వెలువరించిన ‘ది ఇన్విజిబుల్ కంప్యూటర్’ పుస్తకంలో ఈ ప్రకటనను ముందుపెట్టి, మన బల్లమీది కంప్యూటరు ఇంకా ఈ దశలోనే ఉందని వేళాకోళం చేశాడు. నా జేబులోని ఫోనును చూసినప్పుడల్లా నాకా ఇంటి మోటారే గుర్తొస్తుంది. తగిలించే సామాను పేరు మాత్రం యాప్ అని మారింది.

వైజర్ పనిచేసిన చోటును గురించి కాస్త చెప్పాలి. జెరాక్సు కంపెనీ (మనకు జెరాక్సంటే నకళ్ళు తీసే కొట్టే, కంపెనీ పేరని చాలా ఏళ్ళు నాకూ తెలియదు) 1970లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక పరిశోధనాలయం నెలకొల్పింది. 1973లో అక్కడ తయారైన ఆల్టో అనే యంత్రంలో మౌసు, కిటికీలు, బొమ్మల తెర అన్నీ ఉన్నాయి. వైజర్ 1987లో అక్కడ చేరేనాటికి ఇంజనీర్లతోబాటు మానవశాస్త్రజ్ఞులు కూడా ఆ సంస్థలో ఉద్యోగులు. వారిలో లూసీ సచ్‌మన్ నకలుయంత్రం ముందు నిలబడ్డ మనుషులు ఏమి చేస్తారో, ఎక్కడ తికమకపడతారో వీడియో తీసి, గిరిజన గ్రామాన్ని పరిశీలించినంత శ్రద్ధగా పరిశీలించింది. 1987లో ఆమె పుస్తకం వచ్చింది. మనిషి పని చేసుకునేది యంత్రంతో కాదు, సాటి మనుషుల నడుమ, కాగితాల నడుమ, గోడల నడుమ అన్న గ్రహింపు వైజర్‌కు వీరి నుంచే వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలోని ఒక పెద్ద ఆలోచనకు మూలం కంప్యూటరు శాస్త్రజ్ఞులు కాకపోవడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

1988 ప్రాంతంలో ఆయన దానికి ‘యుబిక్విటస్ కంప్యూటింగ్’ అని పేరుపెట్టాడు. లాటిన్లో ‘ఉబీక్వే’ అంటే అంతటా అని. సర్వవ్యాప్త గణనం అనుకోవచ్చు. మనకు ఈ మాట వినగానే ప్రహ్లాదుడూ స్తంభమూ మెదులుతాయి. సర్వవ్యాపి సుమా అని చెప్పగా స్తంభం పగిలి బయటికొచ్చింది శాంతమూర్తి కాదని కూడా గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయే కథకు పనికొస్తుంది.

వైజర్ బృందం మూడు పరిమాణాల్లో యంత్రాలు కట్టింది: అంగుళం, అడుగు, గజం. ఆయన పెట్టిన పేర్లు ట్యాబు, ప్యాడు, బోర్డు. మనం బిళ్ళ, పలక, బల్ల అనుకుందాం. ఒక గదిలో వందకు పైగా బిళ్ళలు, పదో ఇరవయ్యో పలకలు, ఒకటో రెండో బల్లలు ఉంటాయని ఆయన అంచనా. ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ పలక ఎవరి సొంతమూ కాదు. చిత్తుకాగితం ఎక్కడ పడితే అక్కడ పడి ఉన్నట్టు గదిలో పడి ఉండాలి. ఎవరికి కావలిస్తే వారు తీసుకుని రాసుకుని అక్కడే పడేసి పోవాలి. దానికంటూ పేరు, యజమాని, ప్రాముఖ్యం ఉండకూడదు. ఊరికి ఊరికి మోసుకుపోయే ల్యాప్‌టాపు అంటే ఆయనకు గిట్టేది కాదు. చేతిలో మోసుకుపోవలసి వచ్చిందంటేనే, పోయిన చోట అది లేదన్నమాట.

ఆయన చూపిన అన్నిటికన్నా పాత ఉదాహరణ రాత. మనిషి కనిపెట్టిన మొదటి సమాచార సాధనం రాతేనేమో అంటాడు. ఇప్పుడు అది పుస్తకాల్లోనే కాదు, బస్సు నొసట, చాక్లెట్టు పొట్లం మీద, వీధి మొగలో అంతటా ఉంది. అయినా మనం అక్షరాలు చూస్తున్నామనుకోం, ఊరిపేరు చూస్తున్నామనుకుంటాం. ఒకప్పుడు తాటాకు కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, గంటంతో గీసి, మసి పూసి చదువుకున్న జాతికి ఈ మార్పు ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. మాకు ఒకటో తరగతిలో రాతిపలక, బలపం. బొగ్గూ దొండాకూ రుద్ది పలకను నల్లగా చేసుకోవడం శనివారపు పని. ఆ పలకకు రెండు గుణాలుండేవి. అది తనవంక చూడమనదు; ‘అ’ రాస్తుంటే ‘అ’ మాత్రమే కనబడుతుంది. రెండోది, అది ఏదీ గుర్తుంచుకోదు. నేను ‘ఋ’ను ఎన్నిసార్లు తప్పు రాశానో మా మాస్టారికీ, తడిగుడ్డకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మాస్టారు లేరు.

వైజర్ తన వ్యాసంలో శాల్ అనే ఒక ఉద్యోగిని కథ చెబుతాడు. ఆమె నిద్రలో అటూ ఇటూ పొర్లడం గమనించి అలారం గడియారం మెల్లిగా కాఫీ కావాలా అని అడుగుతుంది. ఊఁ అంటే వంటింట్లో కాఫీ సిద్ధం. ఆ గడియారానికి తెలిసిన జవాబులు అవును, కాదు అనే రెండే. కిటికీల అద్దాల్లో ఒకదాంట్లో నిజమైన వెలుతురు, ఇంకోదాంట్లో తెల్లవారుజామున ఇరుగుపొరుగువారు నడిచివెళ్ళిన జాడలు. పత్రికలో నచ్చిన ముక్కను కలంతో చుడితే అది ఆఫీసుకు చేరుతుంది. ఇప్పుడు చదివితే సగం పాతబడ్డట్టుంది, సగం భయం పుట్టిస్తుంది. పొరుగువారి జాడల దగ్గర ఆయనే ఒక మాట చేర్చాడు: ఏకాంతం కాపాడే ఒప్పందాల వల్ల ఆ జాడల్లో వీడియో దృశ్యాలు కనబడవట. ఆ ఒప్పందాలు ఎవరు రాస్తారో, ఎవరు పాటింపజేస్తారో మాత్రం కథలో లేదు.

కథలో లేకపోయినా సమస్య అప్పటికే ఆయన కళ్ళముందుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనాలయంలో రాయ్ వాంట్, ఆండీ హాపర్ తదితరులు 1989 నుంచి 1992 దాకా ‘యాక్టివ్ బ్యాడ్జ్’ అనే బిళ్ళను రూపొందించారు. చొక్కాకు తగిలించుకుంటే సుమారు 15 సెకన్లకొకసారి పరారుణ కాంతిలో తన గుర్తు చెబుతుంది. గది కప్పుకున్న గ్రాహకం అందుకుంటుంది. ఎవరు ఏ గదిలో ఉన్నారో తెలిస్తే, ఫోనును ఆ గదికి మళ్ళించవచ్చు. మంచి సదుపాయమే. కాని అదే బిళ్ళ యజమాని చేతిలో హాజరుపట్టీ కూడా. వాంట్ తర్వాత వైజర్ దగ్గరికే వచ్చి పనిచేశాడు. గోప్యతను గురించి వైజర్ రాయకపోలేదు, కాని అది సాంకేతికంగా తీర్చదగిన చిక్కేనన్న ధీమా ఆయన రాతల్లో వినబడుతుంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2022లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధ్యాయుల హాజరుకు ముఖం గుర్తుపట్టే యాప్ ప్రవేశపెట్టినప్పుడు, దాన్ని తమ సొంత ఫోనులో ఎందుకు వేసుకోవాలని ఉపాధ్యాయులు నిలదీశారు. వాదం కేంబ్రిడ్జి నాటిదే.

ఇహ చదువు సంగతి. కంప్యూటరును పిల్లల చేతికివ్వాలన్న కల వైజర్ కన్నా పాతది. అదే పాలో ఆల్టోలో అలన్ కే 1972లో ‘డైనాబుక్’ అనే ఊహను కాగితం మీద పెట్టాడు. తొమ్మిదేళ్ళ పిల్లలిద్దరు గడ్డిలో కూర్చుని పుస్తకమంత యంత్రాల మీద అంతరిక్ష యుద్ధపు ఆట ఆడుకుంటూ, ఆ ఆట నియమాలు తామే మార్చబోయి, సూర్యుడి ఆకర్షణ ఎలా రాయాలో తెలియక మాస్టారి దగ్గరికి పోతారు. ఆ పిల్లలు యంత్రాన్ని చూసేవారు కాదు, రాసేవారు. ఐనా అది ఒక్కరి ఒళ్ళో ఉండే ఒక్క పెట్టె. వైజర్ కోరినది దానికి భిన్నమైనదని ఆయనే పదేపదే చెప్పుకోవలసి వచ్చింది.

జపానులో ఈ కథ వేరే దారి తొక్కింది. టోక్యో విశ్వవిద్యాలయంలో కెన్ సకామురా 1984లో ట్రాన్ అనే పథకం మొదలుపెట్టాడు. గోడలో, తలుపులో, దీపంలో, ప్రతి వస్తువులోనూ గణనయంత్రం ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని ఆయన ఆశయం. వైజర్ పేరు పెట్టక ముందే అన్నమాట. 1989లో టోక్యోలో అలాంటి ఇల్లొకటి కట్టి చూపించారు కూడా. పథకంలో ఒక శాఖ బడుల్లో పెట్టే కంప్యూటర్లది. జపాను బడులన్నిటికీ ఒకే స్వదేశీ వ్యవస్థ అనేసరికి, 1989లో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం తన నివేదికలో ట్రాన్‌ను వ్యాపారానికి అడ్డంకిగా చేర్చింది. నిరసన తెలిపాక తొలగించారు గాని, అప్పటికే కంపెనీలు బెదిరి వెనక్కి తగ్గాయి. బడి కంప్యూటరు మూలపడింది. ట్రాన్‌లోని మరో శాఖ మాత్రం ఎవరి కంటా పడకుండా కెమెరాల్లోకి, కార్లలోకి, వంటింటి సామాన్లలోకి చేరి బతికిపోయింది. కనబడేది చచ్చింది, కనబడనిది బతికింది. పిల్లవాడి బల్లమీద ఏ యంత్రం ఉండాలన్నది చదువుకు సంబంధించిన ప్రశ్నగా మాత్రమే ఎప్పుడూ లేదని ఈ ఉదంతం చదివాక నాకు నమ్మకం కలిగింది.

వైజర్ బల్ల నిజంగా తరగతిగదిలోకి అడుగుపెట్టింది అమెరికాలోని అట్లాంటాలో. జార్జియా టెక్‌లో గ్రెగరీ అబౌడ్ 1995లో ‘క్లాస్‌రూమ్ 2000’ అనే ప్రయోగం మొదలుపెట్టాడు. నల్లబల్ల స్థానంలో జెరాక్సువారి లైవ్‌బోర్డు నిలిపారు. ఆచార్యుడు ఎప్పటిలాగే నిలబడి రాస్తాడు, మాట్లాడతాడు. రాసిన ప్రతి గీతా, పలికిన ప్రతి మాటా, వేళతో సహా నమోదవుతుంది. క్లాసు అయిపోయిన కాసేపటికే పాఠం అంతర్జాలంలో సిద్ధం. విద్యార్థి ఫలానా సమీకరణం మీద నొక్కితే, అది రాస్తున్న క్షణంలో ఆచార్యుడు ఏమన్నాడో అక్కడినుంచి వినబడుతుంది. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

దీని వెనకనున్న ఆలోచన సులువైనది. విద్యార్థి రాసుకుంటూ వింటే వినికిడి పోతుంది, వింటూ కూర్చుంటే రాత పోతుంది. రాతపని యంత్రానికి అప్పగిస్తే మనిషి వినవచ్చు. మొదట్లో విద్యార్థుల చేతికి కూడా కలంతో రాసే చిన్న యంత్రాలిచ్చి చూశారు, అది సాగలేదు. గదిలోని బల్ల నిలిచింది. పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించి చెప్పినవి: పిల్లలు తక్కువ రాసుకున్నారు, దాచిన పాఠాలు ముఖ్యంగా పరీక్షల ముందు తెరిచారు, అందరూ భయపడినట్టు క్లాసుకు రావడం మానలేదు. ఈ చివరి మాట 1990ల నాటిదని గుర్తుంచుకోవాలి. ఆనాడు ఆ గది తప్ప పాఠానికి వేరే చోటు లేదు.

ఈ ప్రయోగాన్ని నేను రెండు మనసులతో చదివాను. ఆచార్యుడు యంత్రాన్ని మరిచిపోయి పాఠం చెప్పగలిగాడు కనుక వైజర్ కోరిక తీరింది. కాని నేను పలకకు చెప్పిన రెండో గుణం, మరిచిపోవడం, ఇందులో లేదు. ఆచార్యుడు తప్పు రాసి చెరిపితే ఆ తప్పూ ఉంటుంది. విద్యార్థి అడిగిన తెలివితక్కువ ప్రశ్న కూడా ఉంటుంది. మా కాలేజీలో నేను అడిగిన ప్రశ్నలు రికార్డయి ఉంటే నేను రెండోసారి నోరు విప్పేవాణ్ణి కాదు.

సాధనం పక్కకు తప్పుకోవడమంటే ఏమిటో వైజర్ తన సహచరుడు జాన్ సీలీ బ్రౌన్‌తో కలిసి 1995లో ఇంకా వివరంగా రాశాడు. దానికి ‘కామ్ టెక్నాలజీ’, అంటే నెమ్మదైన సాంకేతికత, అని పేరుపెట్టారు. వారు చూపిన ఉదాహరణ ఒక తాడు. నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి ఎనిమిదడుగుల ప్లాస్టిక్ తాడును కప్పుకున్న చిన్న మోటారుకు వేలాడదీసి, మోటారును కంప్యూటర్ల తీగకు కలిపింది. తీగలో రద్దీ ఎక్కువైతే తాడు గిరగిర తిరిగి చప్పుడు చేస్తుంది. రద్దీ లేకపోతే కొన్ని క్షణాలకొకసారి ఉలిక్కిపడుతుంది. నడవాలో పోయేవారికి చూడకుండానే సంగతి తెలుస్తుంది. వర్షం పెరిగిందని మనకు చూరునీళ్ళ చప్పుడును బట్టి తెలిసినట్టు.

1999 ఏప్రిల్ 27న వైజర్ కాన్సరుతో మరణించాడు. వయసు 46. తాను డ్రమ్ములు వాయించే బృందంతో 1993లో అంతర్జాలంలో ప్రత్యక్ష ప్రసారమైన తొలి కచేరీ చేసిన మనిషి, ఆ అంతర్జాలం జేబులోకి దిగడం చూడలేదు.

దిగినది ఆయన అనుకున్నది కాదు. అంకెల లెక్కన ఆయన జోస్యం నిజమే: యంత్రాలు అంతటా ఉన్నాయి. గుణం లెక్కన తలకిందులైంది. ఆయన బిళ్ళా పలకా గదికి చెందినవి. మనవి మనిషికి అతుక్కున్నవి. ఆయనవి మనిషిని బట్టి పక్కకు తప్పుకునేవి. మనవి గంట కొట్టి పిలిచేవి. దీనికి కారణం ఇంజనీర్ల అసమర్థత కాదు. ఎవరిదీ కాని చిత్తుకాగితాన్ని అమ్మేవాడెవడు? ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అమ్మితే కంపెనీకి లాభం, ఒక్కొక్కరి పేరిట ఒక్కొక్క కనెక్షను ఇస్తే ఫోన్ల కంపెనీకి లాభం, ఆ ఒక్కరు దేనివంక ఎంతసేపు చూశారో తెలిస్తే ప్రకటనలవాడికి లాభం. చూపు తిప్పుకోనివ్వకపోవడమే జీవనాధారమైన వ్యాపారంలో పక్కకు తప్పుకునే యంత్రం పుట్టదు. వైజర్ ప్రయోగశాలకు నకలుయంత్రాల ఆదాయం ఉండేది కనుక ఆయనకీ ప్రశ్న ఎదురుకాలేదు.

నెమ్మదైన సాంకేతికత మనకు అసలే దక్కలేదంటే మాత్రం తప్పవుతుంది. మా వీధికొచ్చే కూరగాయల బండికి ఒక అట్టముక్క వేలాడుతుంది. దాని మీద నల్లచుక్కల గడి. 2016లో యూపీఐ వచ్చిన తర్వాతి సంగతి. పక్కన చిన్న పెట్టె, ఇన్ని రూపాయలు అందాయని తెలుగులో చెబుతుంది. ఆ మాట వింటూనే బండివాడు తలెత్తకుండా తర్వాతివారికి టమాటాలు తూస్తాడు. జెరెమిజెంకో తాడుకు ఇంతకంటే దగ్గరి చుట్టాన్ని నేను చూడలేదు. చెల్లించే మనం మాత్రం ఫోను తీసి, తెరిచి, అందులో వచ్చిన ఇంకేదో చూసి, ఎందుకు తీశామో మరిచిపోతాం.

మన దేశంలో బడి పిల్లల మీద జరిగిన ప్రయోగాల్లో మొదట చెప్పుకోవలసినది గోడలోనిది. 1999 జనవరి 26న ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా తమ ఎన్ఐఐటీ ఆఫీసు ప్రహరీకి కన్నం చేసి, అవతలి బస్తీ వైపుకు ఒక కంప్యూటరు పెట్టాడు. ఎవరూ నేర్పలేదు. పిల్లలు గుంపుగా మూగి, ఒకరికొకరు చెప్పుకుంటూ తామే నేర్చుకున్నారు. లోకమంతా మెచ్చుకుంది, 2013లో టెడ్ బహుమతి, 10 లక్షల డాలర్లు, ఆయనకు దక్కింది. కాని పాయల్ అరోరా అనే పరిశోధకురాలు అల్మోరా ప్రాంతంలో ఇలాంటి రెండు చోట్లకు పోయి చూస్తే యంత్రాలు లేవు, ఊరివారికి పెద్దగా జ్ఞాపకమూ లేదు. 2010లో ఆ సంగతి ప్రచురించింది. రెండూ నిజమే అయి ఉంటాయి. గుంపుగా నేర్చుకోవడం నిజం. యంత్రాన్ని గోడలో పెట్టి మనిషి వెళ్ళిపోతే అది గోడగానే మిగలడమూ నిజం.

అదే కాలంలో బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు కొందరు సింప్యూటర్ అనే చేతియంత్రం రూపొందించారు. అది వ్యాపారంగా నెగ్గలేదు. దాంట్లో నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న చీలిక. అందులో స్మార్టుకార్డు పెట్టాలి. యంత్రం ఊరిది, కార్డు మనిషిది. ఒకరు కార్డు తీసేసి వెళితే ఇంకొకరు తమ కార్డు పెట్టుకుంటారు. పేద ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కొక్క యంత్రం కొనలేరన్న వాస్తవం నుంచి బయల్దేరి, ఈ ఆచార్యులు తెలిసో తెలియకో వైజర్ పలక దగ్గరికి చేరారు.

మన తెలుగువాడు రాజ్ రెడ్డిగారిని తలచుకోకుండా ఈ కథ సాగదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాలరెడ్డిగారు మాటను గుర్తించే యంత్రాల మీద జీవితకాలం పనిచేశారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం ఫైగెన్‌బామ్‌తో కలిసి పొందారు. కార్నెగీ మెలన్ నుంచి ఆయన తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకపు భారతీయ శాఖే మనం ఎన్నో రాత్రులు గాలించిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఒక్కో పేజీ టిఫ్ బొమ్మగా దిగేదాకా కూర్చుని, బార్‌కోడులు కాగితాల మీద రాసుకుని, ఒకరికొకరు పంపుకున్నవాళ్ళం. పుస్తకం పేరు ఇంగ్లీషక్షరాల్లో ఎన్ని వికారాలు పోయి ఉండేదో మీకు నేను చెప్పాలా! ఆ సైటు తర్వాత మూతపడింది, పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవులో బతికాయి. 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో మొదలైన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయం కూడా ఆయన ఆలోచనే. పల్లెటూరి బడుల్లో పదో తరగతి బాగా చదివిన పిల్లలను తెచ్చి, ఉండనిచ్చి, తిండిపెట్టి, ఒక్కొక్కరికి ల్యాప్‌టాపు ఇచ్చి ఆరేళ్ళు చదివించడం. ల్యాప్‌టాపును పొగిడేవారు ఉండనివ్వడాన్నీ తిండినీ లెక్కలోకి తీసుకోరు.

ఎందుకంటే ల్యాప్‌టాపు ఒక్కటే ఇచ్చిన చోట్ల ఏమైందో చూశాం. నికొలస్ నెగ్రోపాంటి 2005లో వంద డాలర్ల ల్యాప్‌టాపు ప్రకటించాడు. పెరూ దేశం లక్షల్లో కొన్నది. 2012లో అక్కడి 319 బడుల మీద వెలువడిన అధ్యయనంలో లెక్కల్లోగాని భాషలోగాని మెరుగు కనబడలేదు. 2011 అక్టోబరులో మన కేంద్రప్రభుత్వం ఆకాశ్ టాబ్లెట్ విడుదల చేసింది. ఇప్పుడా పేరెత్తేవారు లేరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో సుమారు 5 లక్షల ట్యాబులు పంచారు. 2024లో ఆ కంపెనీ దివాలా విచారణకెక్కింది. ట్యాబు అన్న మాట చూశారా, వైజర్ పెట్టిన పేరే. కాని ఇది పిల్లవాడి పేరిట రాసి ఇచ్చినది, గదిలో పడి ఉండేది కాదు.

ఇదంతా చరిత్రగా చదివినప్పుడు నాకు దూరంగానే ఉండేది. 2020లో మా అన్నయ్య ఇంట్లో చూశాక దగ్గరైంది. అన్నయ్యది ఎరువుల కొట్టు. ఇంటికి మంచి ఫోను ఒకటే. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నాడు ఆరు. బడులు మూసేశారు, పాఠాలు ఫోనులో మొదలయ్యాయి. ఇద్దరిదీ ఒకే బడి (పేరెందుకు లెండి), ఇద్దరి క్లాసూ ఎనిమిదింటికే. తొమ్మిదిన్నరకు ఫోను అన్నయ్యతోబాటు కొట్టుకు పోవాలి. వదిన ఫోను బియ్యపుడబ్బా మీద పెట్టి, ఇద్దరినీ ముందు కూర్చోబెట్టి, ఒకరోజు దీని పాఠం, ఒకరోజు వాడి పాఠం అని వంతులు వేసింది. యాప్‌కు వంతులు అర్థం కావు. ఒక నంబరంటే ఒక మనిషి. అక్క పేరిట లోపలికి పోయిన రోజు తమ్ముడు రానట్టే లెక్క.

ఓ సాయంత్రం నేనక్కడ ఉండగా బడి నుంచి ఫోనొచ్చింది. “మీ అబ్బాయి క్లాసులకు రావట్లేదండీ, పన్నెండు రోజులు ఆబ్సెంటు” అన్నారు. వాడు అన్నయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. ఫోను పెట్టేశాక నా దగ్గరికొచ్చి, “బాబాయ్, నేను రోజూ కూర్చున్నాను కదా, నువ్వు చెప్పు” అన్నాడు. కూర్చున్న మాట నిజం. అక్క తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం వింటుంటే వాడు పక్కన కూర్చుని విన్నాడు. నేను ఆ రాత్రి బడికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. వదిన మెళ్ళో చిన్న గొలుసు పెట్టి ఇంకో ఫోను కొన్నారు.

ఆ ఫోను రాకముందు పెద్దది ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుంది. రాత్రి అన్నయ్య వచ్చాక, వాడి పాఠాల్లో పోయినవి ఫోనులో చూసి, తన గుండ్రటి రాతతో అందులో ఎక్కించేది. పొద్దున్న వాడు అది ముందేసుకుని చదువుకునేవాడు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు అటక దులుపుతుంటే ఆ పుస్తకం దొరికింది. ముందు పేజీల్లో భిన్నాలు, జీర్ణవ్యవస్థ బొమ్మ, కాకతీయులు. వెనక పేజీల నిండా చుక్కలాట గడులు, ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలతో.